వరాంగర్‌కు కెమెరాతో వెళ్లాలనుకుంటే ప్లాన్ ఎలా వేసుకోవాలి

నార్వే అనగానే ఫొటోగ్రాఫర్లందరూ లోఫోటెన్ దీవుల వైపే పరిగెడతారు. వెళ్లనివ్వండి. మీకు పక్షులు, సముద్రం, మంచు, అర్ధరాత్రి ఎండ అన్నీ ఒకే రోడ్డు వెంబడి కావాలంటే మాత్రం ఇంకా పైకి, ఇంకా తూర్పుకు, మ్యాప్‌లో నార్వే చివర రష్యా వైపు ఒంగి ఉన్న ముక్క దాకా పోవాలి. అదే వరాంగర్ ద్వీపకల్పం. ఫిన్‌మార్క్ ప్రాంతంలో, బేరెంట్స్ సముద్రం ఒడ్డున, 70 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. చెట్లు దాదాపు ఉండవు, మనుషులు తక్కువ, గాలి మాత్రం కావలసినంత.

ఇక్కడికి ప్లాన్ వేసేవాళ్లు ఎక్కువగా చేసేదేమిటంటే, ఉన్న వారం రోజుల్లో ఆరు ఊళ్లు కుక్కేస్తారు. అలా వద్దు. ఇక్కడ మీ టైమ్‌టేబుల్ గాలి చేతిలో ఉంటుంది. తక్కువ ఊళ్లు పెట్టుకుని, ఎక్కువ రాత్రులు ఉండి, మధ్యలో పని పెట్టుకోని రోజులు వదిలేసినవాళ్లకే మంచి ఫొటోలు దొరుకుతాయి. కింద చెప్పేదంతా దీన్ని బట్టే ఉంటుంది.

1. ముందు నెల తేల్చుకోండి, టికెట్ తర్వాత

మీకు ఏ ఫొటో కావాలో దాన్ని బట్టే నెల. రెండు మంచి సీజన్లు ఉన్నాయి, రెండింటికీ అసలు పోలికే లేదు.

మొదటిది మార్చి నుంచి ఏప్రిల్ మధ్య దాకా. నేలంతా మంచు, కానీ సముద్రం గడ్డకట్టదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల ఇంత ఉత్తరాన కూడా రేవులన్నీ తెరిచే ఉంటాయి. అందుకే ఆర్కిటిక్ బాతులు చలికాలం గడపడానికి ఇక్కడికి వస్తాయి. కింగ్ ఐడర్, స్టెల్లర్స్ ఐడర్ అనే రెండు బాతుల కోసం ప్రపంచం నలుమూలల నుంచీ మనుషులు వచ్చేది ఈ నెలల్లోనే. కొండచరియల మీదికి గిల్లెమాట్ పక్షులు అప్పటికే వచ్చి ఉంటాయి, పఫిన్లు (రంగురంగుల ముక్కున్న చిన్న సముద్ర పక్షులు) కూడా మొదలవుతాయి. రాత్రులు ఇంకా చీకటిగానే ఉంటాయి కాబట్టి మేఘాలు లేకపోతే ఉత్తర ధ్రువ కాంతులు కూడా దొరకొచ్చు.

రెండోది జూన్ మొదలు నుంచి జూలై మధ్య దాకా. సూర్యుడు అస్తమించడు. మనం ఎక్కువ రాత్రులు ఉండబోయే పట్టణం వార్డోలో మే మధ్య నుంచి జూలై ఆఖరి వారం దాకా ఇదే పరిస్థితి. గూళ్లు, పిల్లలు, నోట్లో చేపలు పట్టుకుని వచ్చే పఫిన్లు, బురద నేలల్లో పొడుగు కాళ్ల పక్షులు, ఇవన్నీ ఇప్పుడే.

మే నెలలో మంచు సగం కరిగి నేలంతా గోధుమరంగు మచ్చలతో ఉంటుంది, లాండ్‌స్కేప్ కోసం వస్తే నిరాశే. ఆగస్టు వద్దు. చరియల మీద ఉండే పక్షులు అప్పటికే సముద్రంలోకి వెళ్లిపోతాయి, మీరు ఖాళీ రాళ్లను ఫొటో తీసుకోవాలి. నవంబర్ ఆఖరి నుంచి జనవరి మూడో వారం దాకా సూర్యుడు అసలు పైకి రాడు. మధ్యాహ్నం కొన్ని గంటలు నీలం వెలుగు ఉంటుంది, దాని అందం దానికుంది, కానీ మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పను.

వెలుగు గురించి ఒక చిన్న లెక్క ముందే తెలిసి ఉండాలి. వార్డో 31 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, ఇస్తాంబుల్ కంటే కూడా తూర్పున, కానీ గడియారం మాత్రం ఓస్లో టైమ్ చూపిస్తుంది. దాంతో మార్చిలో, వేసవి కోసం గడియారాలు గంట ముందుకు జరపకముందు, సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో పదకొండే అవుతుంది. ఉదయం ఐదింటికే వెలుగు, సాయంత్రం ఐదు దాటితే సూర్యుడు ఉండడు. హోటల్ టిఫిన్ తిని తీరిగ్గా తొమ్మిదింటికి బయల్దేరితే సగం రోజు పోయినట్టే. ఆ రోజుల్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు ఇరవై డిగ్రీల ఎత్తుకు అటూ ఇటూగానే ఉంటాడు కాబట్టి రోజంతా వాలు వెలుగే, అది మీకు లాభం. జూన్‌లో దీనికి తలకిందులు. మధ్యాహ్నం వెలుగు గట్టిగా, చప్పగా ఉంటుంది, రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజామున నాలుగు దాకా బంగారం. అర్ధరాత్రి సూర్యుడు ఉత్తరాన, సముద్రం మీద మూడు నాలుగు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే జూన్‌లో పగలు పడుకుని రాత్రి పని చేయాలి. బస చేసే చోట కిటికీలకు మందపాటి కర్టెన్లు ఉన్నాయో లేదో అడగండి, కళ్లకు కట్టుకునే మాస్క్ పెట్టుకోండి.

2. ఎలా చేరుకోవాలి

నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో, ఉంది. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి, కానీ ఆ పదిహేను రోజుల్ని నమ్ముకోకండి. అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని. 30,000 యూరోలకు తగ్గని మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఫిన్లాండ్ మీదుగా వెళ్లే ఆలోచన ఉంటే, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే అప్లై చేయాలి.

ఓస్లో నుంచి రష్యా సరిహద్దు దగ్గరి ఊరు కిర్కెనెస్‌కు విమానంలో రెండు గంటలు. అక్కడ కారు అద్దెకు తీసుకుంటే వాడ్సో దాకా సుమారు 170 కిలోమీటర్లు, అక్కడి నుంచి వార్డో ఇంకో 75. వాడ్సో, వార్డో, బోట్స్‌ఫ్యోర్డ్‌లకు చిన్న విమానాలు కూడా తిరుగుతాయి కానీ గాలి ఎక్కువైతే ముందుగా ఆగిపోయేవి అవే, పైగా పెద్ద లెన్స్ బ్యాగ్‌తో వాటిలో ఎక్కడం ఒక టెన్షన్. బెర్గెన్ నుంచి కిర్కెనెస్ దాకా తీరం వెంబడి వెళ్లే ఓడ వార్డోలో కూడా ఆగుతుంది. చూడ్డానికి బాగుంటుంది, ఫొటోల పని మీద వెళ్లేవాళ్లకు మాత్రం కారు లేకపోతే కాళ్లు లేనట్టే.

ఇంకో దారి ఫిన్లాండ్ నుంచి. ఇవాలో విమానాశ్రయంలో దిగి, ఈ75 రోడ్డు పట్టుకుని ఇనారి, ఉత్స్‌యోకి మీదుగా పైకి వస్తే ఆ రోడ్డు వార్డోలోనే ముగుస్తుంది. గ్రీస్‌లోని క్రీట్ ద్వీపంలో మొదలయ్యే రోడ్డు ఇదే. దారిలో అడవి పక్షులకు గింజలు పెట్టే చోట్లు ఉన్నాయి, సైబీరియన్ జే, పైన్ గ్రోస్‌బీక్ లాంటివి దగ్గరగా దొరుకుతాయి. దీనికి ఒక రోజంతా పెట్టుకోండి, అద్దె కారును సరిహద్దు దాటించడానికి అనుమతి ఉందా అని కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఫిన్లాండ్ గడియారం ఒక గంట ముందుంటుంది, తిరుగు ఫ్లైట్ ఆ టైమ్‌లోనే ఉంటుందని మర్చిపోవద్దు.

3. రాత్రులు పంచుకోవడం

వారం ఉంటే నాలుగు రాత్రులు వార్డో, రెండు వాడ్సో, చివరి రాత్రి కిర్కెనెస్. అంతే, ఇంకేం దూర్చకండి. మార్చిలో వెళ్తూ కింగ్ ఐడర్ కావాలంటే బోట్స్‌ఫ్యోర్డ్‌కు మూడు రాత్రులు అదనంగా కలపండి, అప్పుడు పది రోజుల ట్రిప్ అవుతుంది. సెలవు దొరకకపోతే వాడ్సో తగ్గించండి గానీ వార్డో తగ్గించొద్దు.

గదులు తక్కువ. మార్చి ఆఖరికి, జూన్‌కు చాలా ముందే నిండిపోతాయి. ముందు క్యాన్సిల్ చేసుకునే వీలున్న బుకింగ్ పెట్టేసుకుని ఆ తర్వాత విమానం సంగతి చూడండి. వంటగది ఉన్న బస అయితే మేలు. రాత్రి రెండింటికి చలిలోంచి వచ్చిన మనిషికి హోటల్ వంటగది తెరిచి ఉండదు, శాకాహారులైతే మరీ కష్టం. సూపర్‌మార్కెట్లు ఆదివారం చాలావరకు మూసేస్తారు కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. యూరప్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం వెంట తీసుకురాకూడదు. మీ నెయ్యి సీసా కూడా అందులోకే వస్తుంది.

డబ్బు నార్వేజియన్ క్రోనాల్లో. నోట్లు మార్చుకుని మోసుకెళ్లక్కర్లేదు, ప్రతిచోటా కార్డే. కాకపోతే రెండు వేర్వేరు కార్డులు పెట్టుకోండి, వాటి పిన్ నంబర్లు గుర్తుంచుకోండి, మనుషులు లేని పెట్రోల్ బంకుల్లో పిన్ అడుగుతుంది.

4. హోర్నోయా: అసలు పని ఇక్కడే

వార్డో పట్టణమే ఒక ద్వీపం. ప్రధాన భూభాగం నుంచి సముద్రం కింద సొరంగంలో వెళ్లాలి, దాదాపు మూడు కిలోమీటర్లు, 1980ల మొదట్లో వచ్చింది, నార్వేలో సముద్రం అడుగున వేసిన మొదటి సొరంగం అదే. ఆ పట్టణం రేవు నుంచి పడవలో పది నిమిషాలు వెళ్తే హోర్నోయా అనే చిన్న ద్వీపం. మనుషులుండరు, ఒక లైట్‌హౌస్, ఒక కొండచరియ, దాని మీద వేలాది సముద్ర పక్షులు.

పడవ దిగిన చోటే చరియ మొదలవుతుంది. పఫిన్, గిల్లెమాట్, రేజర్‌బిల్, షాగ్, కిట్టివేక్, ఇవన్నీ మీ నుంచి కొన్ని మీటర్ల దూరంలో. బ్రూనిక్స్ గిల్లెమాట్ అనే ఆర్కిటిక్ రకం కూడా గుంపులో కలిసి ఉంటుంది, ముక్కు పక్కన సన్నటి తెల్ల గీత చూసి వెతకాలి. మామూలు గిల్లెమాట్లలోనే కొన్నిటికి కంటి చుట్టూ కళ్లజోడు పెట్టినట్టు తెల్ల గీత ఉంటుంది. అది వేరే జాతి కాదు, తికమక పడకండి.

ఇక్కడికి వెళ్లేటప్పుడు ఆలోచించాల్సినవి కొన్ని.

చరియ ముఖం పడమరకు, పట్టణం వైపు ఉంటుంది. పొద్దున్నే వెళ్తే పక్షులు నీడలో ఉంటాయి, మధ్యాహ్నం దాటాక ఎండ పడుతుంది. మబ్బు రోజైతే ఏ టైమైనా ఒకటే, నిజానికి నలుపు తెలుపు పక్షులకు మబ్బే మంచిది. పడవ టైమింగ్స్ సీజన్‌ను బట్టి మారతాయి. ముందు రోజు సాయంత్రం రేవులో అడిగి, మధ్యాహ్నం వెళ్లి ఆఖరి పడవకు తిరిగొచ్చేలా పెట్టుకోండి. గాలి, అలలు ఎక్కువైతే పడవ ఉండదు. అది మీ చేతిలో లేదు, వాళ్ల చేతిలో కూడా లేదు.

మార్చిలో ఇంకో చిక్కు ఉంది. గుడ్లు పెట్టడానికి చాలా ముందు నుంచే గిల్లెమాట్లు చరియకు వస్తాయి గానీ రోజూ ఉండవు. ఈ రోజు కొండ నిండా అరుపులు, రేపు పొద్దున ఒక్క పక్షి లేదు, మళ్లీ ఎల్లుండి మొత్తం దిగుతాయి. నాలుగు రాత్రులు అన్నది అందుకే. నాలుగింటిలో రెండు రోజులు మంచి పడవ దొరికితే చాలు, ఆ రెండు రోజుల్లోనే మెమరీ కార్డులు నిండిపోతాయి.

లెన్స్ విషయంలో అందరూ 600 ఎమ్ఎమ్ మోసుకొస్తారు, ఇక్కడ దానికి పెద్దగా పని ఉండదు. 100-400 లాంటి జూమ్ ఒకటి, వైడ్ ఒకటి. పక్షి దగ్గరగా, వెనకాల చరియ, సముద్రం, తిరుగుతున్న గుంపు కనిపించే వైడ్ ఫొటో ఇక్కడ తప్ప ఇంకెక్కడా ఇంత సులువుగా రాదు. దాన్ని వదిలేసి అందరిలా పఫిన్ మొహాలు తీసుకుని రావడం నాకైతే దండగ అనిపిస్తుంది. ఎగిరే పఫిన్ చాలా స్పీడు, 1/2000 కన్నా తక్కువ షట్టర్ వద్దు, వీలైతే 1/3200. ఎదురుగాలి ఉన్న రోజు చరియ అంచున నిలబడండి, గాలికి ఎదురొచ్చే పక్షులు దిగేముందు గాల్లో దాదాపు ఆగిపోతాయి. ఫోకస్ కూడా అప్పుడే నిలుస్తుంది.

ఇది రక్షిత ప్రాంతం. గుర్తు పెట్టిన దారి దాటి అడుగు వేయొద్దు, గడ్డిలో కనిపించే బొరియలు పఫిన్ల ఇళ్లు, కాలు పెడితే కూలిపోతాయి. తలకు టోపీ, కెమెరాకు వాన కవర్, ఎండైనా సరే. పైన అన్ని వేల పక్షులు, మిగతాది మీకే తెలుసు.

5. బాతుల కోసం

స్టెల్లర్స్ ఐడర్ అనేది ప్రపంచంలోనే తగ్గిపోతున్న చిన్న బాతు. వాడ్సో రేవులో, ఊరికి వంతెనతో కలిసి ఉన్న వాడ్సోయా ద్వీపం చుట్టూ చలికాలంలో ఒడ్డుకు దగ్గరగా తిరుగుతుంది. వరాంగర్ తీరంలో చాలాచోట్ల చెక్కతో కట్టిన గాలిచాటు షెడ్లు ఉన్నాయి, వార్డోలోని ఒక ఆర్కిటెక్ట్ సంస్థ పక్షుల్ని చూసేవాళ్ల కోసమే డిజైన్ చేసింది. వాటిలో కూర్చుని కదలకుండా ఉంటే బాతులే దగ్గరికి వస్తాయి, మీరు ఒడ్డు వెంబడి వెంటపడితే ఎగిరిపోతాయి. ఇక్కడ 500, 600 లెన్స్ కావాలి. అదే వాడ్సోయాలో ఒక ఇనుప స్తంభం కనిపిస్తుంది, 1926లో నార్వే ధ్రువ అన్వేషకుడు అముండ్సెన్ బృందం ఉత్తర ధ్రువానికి వెళ్తూ నోర్గే అనే ఎయిర్‌షిప్‌ను కట్టింది దానికే. బాతులు రాని టైమ్‌లో చూసి రండి.

కింగ్ ఐడర్ మగపక్షిని నీటి మట్టంలో దగ్గరగా తీయాలంటే బోట్స్‌ఫ్యోర్డ్ రేవులో ఉండే తేలే హైడ్ (లోపల దాక్కుని ఫొటోలు తీసే గది) ఒక్కటే సరైన దారి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మొదటి దాకా నడుస్తుంది. చీకట్లోనే వెళ్లి కూర్చోవాలి, సీట్లు కొన్నే, కాబట్టి ట్రిప్‌లో అన్నిటికంటే ముందు బుక్ చేయాల్సింది ఇదే. గంటలకొద్దీ కదలకుండా కూర్చోవడం, కింద నీళ్లు, చుట్టూ మంచు. పాదాలకు ఎంత వేసుకుంటే అంత మంచిది.

జూన్‌లో అయితే బాతులు వదిలేసి నెస్సెబీ చర్చి దగ్గరి చిన్న కుంటలు, ఎక్కెరోయ్ చరియ చూడండి. కుంటల్లో గిరగిరా తిరుగుతూ తినే ఎర్రమెడ ఫలరోప్‌లు మనిషిని పట్టించుకోవు, పడుకుని తీస్తే నేలమట్టం ఫొటోలు వస్తాయి. వార్డో నుంచి హామ్నింగ్‌బెర్గ్ వెళ్లే రోడ్డు చలికాలమంతా మూసి ఉంటుంది, తెరిచాక మాత్రం నిలువుగా లేచిన రాతి పొరల మధ్య సుమారు 40 కిలోమీటర్లు. లాండ్‌స్కేప్ కోసం వచ్చినవాళ్లు ఒక రాత్రంతా దీనికే పెట్టొచ్చు.

6. చలిలో కెమెరా

చలి అంకె చూసి భయపడక్కర్లేదు, మార్చిలో తీరంలో చాలా రోజులు సున్నాకు కాస్త కిందే. చంపేది గాలి. పల్చటి గ్లవ్స్ ఒక జత, వాటిపైన మందపాటి మిట్టెన్స్, గాలి దూరని పై కోటు, షూ కింద తొడుక్కునే ముళ్ల పట్టీలు. ఈ ముళ్ల పట్టీల్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, రేవు మీద గట్టి ఐస్ మీద లెన్స్‌తో సహా జారాక గుర్తొస్తాయి.

బ్యాటరీలు లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని. బయటి నుంచి గదిలోకి వచ్చే ముందే కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో మూసేసి, గది వేడికి వచ్చేదాకా తెరవొద్దు, లేకపోతే లోపలిదాకా తేమ పడుతుంది. కార్డు ముందే బయటకు తీసుకుంటే ఫొటోలు చూసుకోవాలని చెయ్యి దురద పుట్టదు. కారు కిటికీలోంచి తీసేటప్పుడు హీటర్ ఆపేయండి. వెచ్చటి గాలి చల్లటి గాలిలోకి వెళ్లి అలలు పుట్టిస్తుంది, లెన్స్ ఎంత ఖరీదైనా ఫొటో మెత్తగా వస్తుంది, తర్వాత ఫోకస్ పాడైందని అనుకుంటారు. మంచు మీద ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా పెంచాలి, చీకటి నీటి మీద తెల్ల ఛాతీ పక్షికైతే కాస్త తగ్గించాలి. ప్రతిసారీ హిస్టోగ్రామ్ చూసుకోండి.

7. రోడ్డు, నియమాలు

పగలైనా హెడ్‌లైట్లు వేసే నడపాలి, అది చట్టం. చలికాలంలో మేకుల టైర్లున్న కారే అడగండి. కొండల మీదుగా వెళ్లే రోడ్లు, ముఖ్యంగా బోట్స్‌ఫ్యోర్డ్ రోడ్డు, గాలి ఎక్కువైతే మూసేస్తారు, లేదా మంచు తీసే బండి ముందు వెళ్తుంటే కార్లన్నీ వరుసగా దాని వెనకాలే వెళ్లాలి. గేటు దగ్గర ఎంతసేపు ఆగాల్సి వస్తుందో తెలీదు కాబట్టి దుప్పటి, నీళ్లు, తిండి కారులో ఉండాలి, ట్యాంక్ సగానికి తగ్గనివ్వొద్దు. రోడ్ల పరిస్థితి 175 నంబర్‌కు ఫోన్ చేస్తే చెప్తారు. అంబులెన్స్‌కు 113, పోలీసుకు 112. రోడ్డు మధ్యలో కారు ఆపి ఫొటోలు తీయొద్దు, పక్కన ఆపుకునే జాగా వచ్చేదాకా వెళ్లండి. రెయిన్‌డీర్ ఒకటి రోడ్డు దాటితే వెనకాల ఇంకో నాలుగు ఉంటాయని అనుకుని బ్రేక్ మీద కాలు పెట్టండి. అవి అడవి జంతువులు కావు, ఇక్కడి ఆదివాసులైన సామి కుటుంబాల పెంపుడు మందలు. ఫొటో కోసం తరిమితే మీకు సరదా, వాళ్లకు నష్టం.

టెంట్ వేయడం నార్వేలో అందరి హక్కు, ఇళ్లకు కనీసం 150 మీటర్ల దూరంలో. పక్షుల రక్షిత ప్రాంతాలకు మాత్రం వేరే నియమాలు, బోర్డు చదవండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయడం మేలని నా అభిప్రాయం. విమానాశ్రయాల చుట్టూ ఐదు కిలోమీటర్లు నిషేధం, ఇక్కడ ప్రతి చిన్న ఊరికీ ఒక రన్‌వే ఉంది, పక్షుల చరియల దగ్గర ఎగరేయడం అసలే కుదరదు, ఇక ఎగరేసేదెక్కడ? వార్డోలో సైనిక రాడార్ ఉంది, ఫొటోలు వద్దన్న బోర్డు ఉన్నచోట లెన్స్ అటు తిప్పకండి. రష్యా సరిహద్దు దగ్గర మరీ జాగ్రత్త, అవతలి వైపు సైనికులను గానీ వాళ్ల స్థావరాలను గానీ తీయకూడదు, సరదాకైనా గీత దాటి చెయ్యి కూడా పెట్టొద్దు.

చచ్చిన పక్షి కనిపిస్తే ముట్టుకోకండి. 2023 వేసవిలో బర్డ్ ఫ్లూతో వాడ్సో పరిసరాల్లో కిట్టివేక్‌లు వేల సంఖ్యలో చచ్చిపోయాయి. ఒక చరియ నుంచి ఇంకో చరియకు వెళ్లే ముందు బూట్లు కడిగి తుడుచుకోండి.

8. పడవ లేని రోజు

ప్రతి రాత్రి పడుకునే ముందు వైఆర్ అనే వాతావరణ యాప్ తెరిచి గాలి ఎటు నుంచి, సెకనుకు ఎన్ని మీటర్లు అని చూడండి. వాన, మంచు అంకెలు తర్వాత చూసుకోవచ్చు. గాలి బాగా ఉండేలా ఉంటే మర్నాడు హోర్నోయా లేదనుకుని అప్పుడే రెండో ప్లాన్ తీయండి. పెద్ద గాలి వచ్చినప్పుడు సముద్రంలో ఉండే బాతులు, తెల్లటి ఆర్కిటిక్ గల్స్ రేవుల్లోకి వచ్చి దాక్కుంటాయి. కారును గాలికి అడ్డంగా ఆపి, గాలి రాని వైపు కిటికీ దించి, డోర్ మీద బీన్ బ్యాగ్ పెట్టుకుంటే వార్డో రేవులోనే పూట గడుస్తుంది. అది కూడా కుదరకపోతే పొలిమేరలో అలలు తీయండి, ఉప్పు నీళ్లు పడిన లెన్స్‌ను ముందు మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో అద్ది, ఆ తర్వాతే తుడవండి. పొడిగా రుద్దితే ఉప్పు గీతలు పెడుతుంది.